వేడి, వరద, తుపాను: మారిన వాతావరణంలో మన ఇళ్లను కాపాడుకునే మార్గాలు

సోలాపూర్‌లో రేకుల కప్పు కింద మగ్గం నడిపే కుటుంబానికీ, గోపాల్‌పూర్ తీరంలో వేటకు వెళ్లే కుటుంబానికీ, చెన్నైలో కింది అంతస్తులో అద్దెకున్నవారికీ, యానాంలో గోదావరి ఒడ్డున ఉన్నవారికీ వాతావరణ మార్పు ఒకే రూపంలో కనిపించదు. ఒకరికి అది రాత్రి పూట కూడా తగ్గని వేడి. మరొకరికి ఎగిరిపోయే కప్పు. ఇంకొకరికి గడప దాటి లోపలికి వచ్చే నీరు. తెలుగువారు తరాలుగా స్థిరపడిన ఈ ప్రాంతాల్లో ఇళ్లకు ఏ ఆపద ఎలా వస్తోంది, ఉన్న ఇంటిని తక్కువ ఖర్చుతో ఎలా సరిచేసుకోవచ్చు, కొత్తగా కట్టేవారు మేస్త్రితో ఏం మాట్లాడుకోవాలి, నష్టం జరిగాక సాయం కోసం ఏం సిద్ధంగా ఉంచుకోవాలి అన్న వివరాలు ఇవి.

అసలు ఏం మారింది?

1901 నుంచి 2018 మధ్య భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రకటించిన నివేదిక చెబుతోంది. వినడానికి ఇది చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందుకే కురిసే రోజుల సంఖ్య పెరగకపోయినా, కురిసిన రోజున కుండపోతగా కురుస్తోంది. సముద్రపు నీరు వేడెక్కితే తుపానుకు బలం త్వరగా చేరుతుంది. ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1993 నుంచి 2017 వరకు ఏటా సగటున 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. అంటే ఉప్పెన వచ్చినప్పుడు నీరు మునుపటికంటే ఎత్తు నుంచే మొదలవుతుంది.

మనం ఇల్లు కట్టేది 40, 50 ఏళ్లు ఉండాలని. పాత లెక్కలతో కట్టిన ఇల్లు కొత్త వాతావరణంలో నిలవాల్సి వస్తోంది. సమస్య అక్కడే ఉంది.

మన ఊళ్ల అనుభవం

గంజాం తీరానికి తుపాన్లు కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగపు గాలులతో తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పరిసరాల్లో తీరం దాటి, శ్రీకాకుళంతో పాటు గంజాం, గజపతి జిల్లాలనూ దెబ్బతీసింది. పర్లాకిమిడి వైపు కొండ ప్రాంతాల్లో గాలికంటే వర్షం, విరిగిపడిన కొండచరియలు ఎక్కువ ప్రాణాలు తీశాయి. 2019 మే 3న ఫొని పూరీ దగ్గర తీరం దాటినప్పుడు, అక్కడి పెంటకోటలోని తెలుగు మత్స్యకారుల వాడ ఆ గాలికి ఎదురుగా ఉంది.

యానాం పరిసరాలకు 1839లో కోరంగి రేవును ముంచిన ఉప్పెన నుంచీ ఈ చరిత్ర ఉంది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమ, యానాం ప్రాంతాల్లో కొబ్బరి తోటలనూ ఇళ్లనూ నేలమట్టం చేసింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. రెండుసార్లూ యానాం మునిగింది. తేడా ఏమిటంటే, ఎక్కువగా ఆగస్టు నెలతో ముడిపెట్టుకునే పెద్ద వరద ఈసారి జులై నడిమికే వచ్చేసింది.

చెన్నైలో 2015 డిసెంబరు 1, 2 తేదీల్లో తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వర్షం పడింది. అడయారు పొంగి వేల ఇళ్లు మునిగాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే చెన్నైని ముంచింది. 2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న కాలనీల్లోకి చెరువుల నీరు వచ్చింది.

సోలాపూర్, బళ్లారి, రాయచూరు వైపు ఆపద వేరు. అక్కడ వేసవి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం మామూలే. ఇక రేకుల షెడ్డులో మరమగ్గం మోటార్ల వేడి కూడా తోడైతే లోపల ఉండేది బయటి అంకె కాదు.

ఒక ఆపదకు మందు, ఇంకొక ఆపదకు విషం

ఫైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో ఒడిశా ప్రభుత్వం తీర గ్రామాల్లో కాంక్రీటు కప్పుతో ఇళ్లు కట్టించింది. గాలికి అవి నిలుస్తాయి. అయితే కాంక్రీటు కప్పు పగలంతా ఎండను తాగి, రాత్రంతా గదిలోకి కక్కుతుంది. తాటాకు ఇంట్లో చల్లగా పడుకున్నవారు కొత్త ఇంట్లో మే నెలలో నిద్రపోలేక ఆరుబయటికి వస్తారు. అలాగని తిరిగి తాటాకు కప్పుకు పోతే అక్టోబరులో ప్రాణభయం.

ఇలాంటి చిక్కులు ఇంకా ఉన్నాయి. సోలాపూర్‌లో పనిచేసే ఎయిర్ కూలర్ చెన్నైలో, యానాంలో దాదాపు పనిచేయదు. గాలిలో అప్పటికే తేమ ఎక్కువ కాబట్టి నీరు ఆవిరి కాదు, ఉక్కపోత పెరుగుతుంది. పొడి వేడి ఉన్న చోట పగలు కిటికీలు మూసి రాత్రి తెరవాలి. సముద్ర తీరంలో పగలు కూడా గాలి ఎదురెదురు కిటికీల గుండా పారాలి. ఒక స్థలాన్ని మట్టితో ఎత్తు చేస్తే ఆ ఇల్లు బతుకుతుంది, ఆ నీరు పక్కింటికి పోతుంది. అందుకే వేరే ఊళ్లో బంధువుల ఇంటికి పనికొచ్చింది కదా అని అదే చేయకండి. ముందు మీ ఊరికి ఏ రెండు ఆపదలు ఎక్కువో తేల్చుకోండి. ఆ రెండింటికీ పనికొచ్చే మార్పునే మొదట చేయండి.

వేడికి: కప్పుతో మొదలుపెట్టాలి

ఒంటి అంతస్తు ఇంట్లోకి, పై అంతస్తులోకి వచ్చే వేడిలో ఎక్కువ భాగం కప్పు నుంచే వస్తుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి గోడలకంటే కప్పుకే ఎండ ఎక్కువ.

తెల్లని పూత అన్నిటికంటే చవకైన మార్గం. మామూలు కాంక్రీటు ఎండలో మూడో వంతునే వెనక్కి పంపుతుంది, మిగతాది మింగుతుంది. మంచి తెల్ల పూత 70 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. గదిలో 2 నుంచి 5 డిగ్రీల వరకు తేడా కనిపిస్తుంది. సున్నం, అందులో కాస్త జిగురు కలిపి రెండు మూడు పూతలు వేసినా సరిపోతుంది, కాకపోతే ఏటా వేయాలి. అంగళ్లలో దొరికే కూల్ రూఫ్ పెయింటు ఖరీదు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువ. దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు, కాబట్టి మార్చిలో ఒకసారి కడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, ప్రభుత్వ భవనాలకూ పెద్ద స్థలాల్లో కట్టే ఇళ్లకూ దీన్ని తప్పనిసరి చేసింది. అంటే ఇది ఇక ప్రయోగ దశలో ఉన్న పని కాదు.

రేకుల కప్పుకు తెల్ల పూత ఇంకా బాగా పనిచేస్తుంది. రేకు కింద ఒక అడుగు ఖాళీ వదిలి వెదురు తడకో, సీలింగు బోర్డో కట్టి, ఆ ఖాళీలో వేడి గాలి పోయేందుకు రెండు చివర్లా దారి ఉంచితే సగం బాధ తీరుతుంది. మగ్గాల షెడ్డులో మాత్రం థర్మాకోల్, ఎండుగడ్డి వాడకండి. నూలు ధూళి ఉన్న చోట అవి నిప్పుకు ఆహారం. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పొడిగా గీకడం, రంధ్రాలు చేయడం, విరగ్గొట్టడం ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, మెల్లగా బ్రష్షుతో పూత వేయాలి.

డాబా మీద విరిగిన తెల్ల టైల్స్ ముక్కలు పరిస్తే పూత మళ్లీ మళ్లీ వేసే పని ఉండదు. చెన్నైలో ఇటుక జల్లి, సున్నంతో దిమ్మిస వేసి తట్టోడు పరిచే పద్ధతి వేడికీ, కారడానికీ రెండింటికీ పాత మందే. అయితే దాని బరువు ఎక్కువ. పాత స్లాబు మీద వేసేముందు ఇంజనీరును అడగాలి.

పడమటి గోడకు, కిటికీకి నీడ బయటి నుంచి ఉండాలి. లోపల కర్టెన్ కట్టేసరికి ఎండ అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. సజ్జ, వెదురు చిక్కు, పాదు, చెట్టు ఏదైనా సరే, కిటికీ బయట ఉంటేనే ఫలితం. డాబా మీద ఎత్తుగా బిగించిన సోలార్ పలకలు కరెంటుతో పాటు నీడనూ ఇస్తాయి.

తుపానుకు: కప్పును గోడకు, గోడను పునాదికి కట్టాలి

గాలి కప్పును కిందికి నొక్కి కూలుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పైకి లాగుతుంది. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి పీల్చినట్టు రేకులను లేపుతుంది. ఆ లాగుడు అంచుల దగ్గర, మూలల దగ్గర, చూరు దగ్గర ఎక్కువ. తలుపో కిటికీయో పగిలితే లోపలికి దూరిన గాలి కింద నుంచి కూడా నెడుతుంది. పైగా గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే 100 కిలోమీటర్ల గాలికి కదలని కప్పు 200 కిలోమీటర్ల గాలికి కాగితంలా లేస్తుంది.

ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు ఈ సంగతి తెలిసి కట్టినవే. గుండ్రని గోడ, నేలకు దగ్గరగా దిగిన చూరు, ఎటు నుంచి గాలి వచ్చినా జారిపోయే వాలు. నేటి ఇంటికి అదే తర్కం ఇలా వర్తిస్తుంది:

- రెండు వాలుల కప్పుకంటే నాలుగు వైపులా వాలిన కప్పు గాలికి బాగా నిలుస్తుంది. మరీ చదునుగా ఉన్న రేకుల కప్పు అన్నిటికంటే బలహీనం.
- రేకులకు మేకులు చాలవు. వాషరు ఉన్న జె-బోల్టులు వాడాలి. అంచుల్లో, మూలల్లో బోల్టుల మధ్య దూరం సగానికి తగ్గించాలి.
- దూలాలను, వాసాలను గోడలో దించిన ఇనుప పట్టీలతో బిగించాలి. గోడ పైన నాలుగు వైపులా తెగకుండా ఆర్‌సీసీ బ్యాండు ఉండాలి. ఇల్లు ఒక పెట్టెలా నిలిచేది దానివల్లే.
- చూరు అడుగున్నరకు మించి బయటికి రాకూడదు. వసారా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా కట్టాలి. గాలి వసారాను తీసుకుపోయినా ఇల్లు మిగులుతుంది.
- కిటికీలకు లోపలి గడియలు చాలవు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు బిగించడానికి కొలతకు కోసిన చెక్క పలకలు సిద్ధంగా ఉంచుకోవాలి.
- డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే ఎగురుతుంది. తుపానుకు ముందు నింపి, తాళ్లతో కట్టాలి.

తక్కువ ఎత్తు ఇళ్లు తుపానుకు నిలిచేలా కట్టేందుకు ఐఎస్ 15498 అనే భారతీయ ప్రమాణం 2004 నుంచి ఉంది. కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ నంబరు పేర్కొనండి. ఇవన్నీ చేసినా, ఉప్పెన హెచ్చరిక ఉన్నప్పుడు తీరపు ఇంట్లో ఉండకూడదు. ఇల్లు ఎంత గట్టిదైనా తుపాను షెల్టరుకు వెళ్లాల్సిందే.

వరదకు: గడప ఎత్తు, స్విచ్‌బోర్డు ఎత్తు

కొత్తగా కట్టేవారు ముందు తెలుసుకోవలసింది ఆ వీధిలో ఇంతవరకు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో. పాత గోడల మీద మరక, పక్కింటి పెద్దల మాట రెండూ సాక్ష్యాలే. ఇంటి అరుగు ఆ గుర్తుకంటే కనీసం రెండడుగులు పైన ఉండేలా చూసుకోవాలి.

పట్టణాల్లో ఇంకో బాధ ఉంది. పాత పొరను గీకకుండా దాని మీదే రోడ్డు వేస్తూ పోతే, పదిహేనేళ్లలో ఇల్లు రోడ్డుకంటే పల్లంలో పడుతుంది. పాత పొర తీసి వేయాలని వార్డు సభలో అడగడం ఆ వీధివాళ్లందరి హక్కు. అప్పటికే పల్లంలో పడిన ఇళ్లను కొందరు జాకీలతో పైకి లేపిస్తున్నారు. ఇది జరిగే పనే, కానీ గోడల పరిస్థితి, పునాది లోతు చూసిన ఇంజనీరు సరేనన్నాకే చేయించాలి.

ఉన్న ఇంట్లో వెంటనే చేయదగ్గవి ఇవి. కరెంటు మీటరు, స్విచ్‌బోర్డు, ఇన్వర్టరు వరద గుర్తుకు పైన బిగించాలి. కింది అంతస్తుకు విడిగా మెయిన్ స్విచ్ ఉండాలి. డ్రైనేజీ పైపుకు నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టించాలి. సంపు మూత నీరు చొరకుండా బిగుతుగా ఉండాలి. నీరు తీశాక గోడలు పూర్తిగా ఆరకముందే పెయింటు వేస్తే అది పొక్కుతుంది, లోపల బూజు పడుతుంది. పాత సున్నపు గోడల మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని గోడను తింటుంది. సున్నపు గోడకు సున్నమే మందు.

ఉప్పుగాలి, నల్లరేగడి

తీరంలో ఇంటికి కనిపించని శత్రువు తుప్పు. కాంక్రీటులోని ఊచ తుప్పు పట్టి ఉబ్బితే స్లాబు పెచ్చులూడుతుంది. దీనికి మందు ఊచ చుట్టూ తగినంత కాంక్రీటు ఉండటం. ఐఎస్ 456 ప్రకారం తీర వాతావరణంలో కాంక్రీటు కనీసం ఎం-30 రకం, ఊచ మీద కాంక్రీటు మందం 45 మిల్లీమీటర్లు ఉండాలి. సముద్రపు తుంపర నేరుగా తగిలే చోట 50. లోపలి ఊళ్లలో వేసే ఎం-20 ఇక్కడ చాలదు. స్లాబు పోసేరోజు ఊచల కింద కవర్ బ్లాకులు పెట్టారో లేదో స్వయంగా చూడండి. ఉప్పునీటితో కాంక్రీటు కలపడం, కడగని సముద్రపు ఇసుక వాడటం రెండూ చేటే.

సోలాపూర్, బళ్లారి, రాయచూరు వైపు నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. దీర్ఘమైన ఎండ, ఆ వెంటే కుండపోత వర్షం వస్తే ఆ కదలిక పెరిగి గోడలు పగులుతాయి. కొత్త ఇంటికి పునాది లోతుగా తీసి, అవసరమైతే అండర్-రీమ్డ్ పైల్స్ వేయించాలి. పాత ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున గచ్చు వేసి, చూరు నీరు గోడ పక్కన ఇంకకుండా కాలువలోకి పంపితే పగుళ్లు చాలావరకు ఆగుతాయి. ఈ నేలలోనే రాయలసీమ మిద్దె ఇళ్లు, మరాఠీవారు ధాబ్యాచే ఘర్ అనే మట్టికప్పు ఇళ్లు తరాలు నిలిచాయి. మందమైన ఆ మట్టికప్పు వేడికి గొప్ప అడ్డు. కానీ ఇప్పటి కుండపోతకు అది నాని బరువెక్కి కూలుతోంది. అలాంటి ఇంట్లో ఉంటే వానకు ముందే దూలాల చివర్లు చెదపట్టాయేమో చూడాలి, ఏటేటా మట్టి పొర పెంచుకుంటూ పోకూడదు.

అద్దెకున్నవారి మాట

మనవాళ్లలో అద్దె ఇళ్లలో, అద్దె షెడ్లలో ఉన్నవారు ఎక్కువ. సున్నపు పూత, వెదురు చిక్కు, కిటికీ పలకలు, ఎత్తున పెట్టుకునే అరలు యజమాని అనుమతితో చేయదగ్గ చిన్న ఖర్చులు. వాటిని అద్దెలో తగ్గించమని అడగడంలో తప్పు లేదు. ఇంటి కప్పు ఆయనది, దాని ఆయుష్షు పెరిగితే లాభం ఆయనకే.

నష్టం జరిగాక: కాగితాలు, భాష

రాష్ట్ర విపత్తు సహాయ నిధి 2022-26 నిబంధనల ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మైదానంలో ₹1,20,000, కొండ ప్రాంతంలో ₹1,30,000 సాయం ఉంది. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి ₹6,500, కచ్చా ఇంటికి ₹4,000, గుడిసెకు ₹8,000. చేనేత పనిముట్లకు వేరే పద్దు ఉంది. ఈ మొత్తంతో ఇల్లు లేవదన్నది నిజం. కానీ లెక్కల జాబితాలో పేరు లేకపోతే అదీ రాదు. అందుకే వానాకాలానికి ముందే ఇంటి ఫొటోలు నాలుగు వైపుల నుంచి తీసి ఫోనులో కాకుండా వేరే చోట కూడా దాచండి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు నీరు చొరని సంచిలో ఉంచండి.

బీమా కోరేవారికి 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలూ భారత్ గృహ రక్షా పేరుతో ఒకే తీరు పాలసీ ఇవ్వాలి. తుపాను, వరద రెండూ దాని కిందికి వస్తాయి.

ఇక భాష. ఏ ప్రాంతంలోనైనా భాషా అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోనూ ఇవ్వడం మేలని 1956 నాటి కేంద్ర మెమొరాండం సూచించింది. తుపాను హెచ్చరిక, నష్టపరిహార జాబితా కంటే ముఖ్యమైన ప్రకటన ఏముంటుంది? మన సంఘాలు కలెక్టర్లకు ఇచ్చే వినతుల్లో పాఠశాలలతో పాటు దీన్నీ చేర్చాలి. ఈలోగా జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారి సచేత్ యాప్‌లో తెలుగును ఎంచుకుంటే హెచ్చరికలు మన భాషలోనే వస్తాయి.

ఏ నెలలో ఏ పని

ఫిబ్రవరి, మార్చి: కప్పు కడిగి తెల్ల పూత వేయడం, పడమటి కిటికీలకు నీడ కట్టడం.

మే: కాలువలు, డాబా గొట్టాలు శుభ్రం చేయడం, పగుళ్లు పూడ్చడం, ఇంటి ఫొటోలు తీయడం.

జూన్, జులై: నదీ తీరాల్లో సామాను, కాగితాలు ఎత్తుకు చేర్చడం.

సెప్టెంబరు: తీర ప్రాంతాల్లో రేకుల బోల్టులు ఒక్కొక్కటీ బిగించి చూడటం, ఇంటి మీదికి వాలిన కొమ్మలు కొట్టించడం. గంజాం, శ్రీకాకుళం తీరాలకు పెద్ద తుపాన్లు వచ్చింది అక్టోబరులోనే కాబట్టి ఈ పని దసరా దాకా ఆపకూడదు.

అక్టోబరు, నవంబరు: చెన్నై, తమిళనాడు తీరంలో ఈశాన్య రుతుపవనాలకు ముందు సంపు మూత, డ్రైనేజీ వాల్వు, మెయిన్ స్విచ్ పరీక్షించుకోవడం.